మాస్టారికో ప్రశ్న: తోడొచ్చేవాడు, దారి చెప్పి పంపేవాడు

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మమ్మ దగ్గర జాన్ బన్యన్ రాసిన 'యాత్రికుని ప్రయాణము' ఉండేది. అట్ట ఊడిపోతే దారంతో కుట్టుకుంది. రాత్రిళ్లు ఆవిడ పైకి చదువుతుంటే మేం వింటూ నిద్రపోయేవాళ్లం. ఈమధ్య మా అబ్బాయి డాంటే 'డివైన్ కామెడీ' ఇంగ్లిషులో కొని తెచ్చాడు. ఇందులోనూ దిక్కుతోచని మనిషి, దారి చూపే పెద్దలు, చివర స్వర్గం! ఒకదాన్ని చూసి ఒకటి రాశారా? అది తెలిసినదాన్ని, ఇది మళ్లీ చదవాలంటారా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: చూసి రాసింది కాదమ్మా. ఇటలీ కవి డాంటే 1321లో పోయాడు. బన్యన్ పుస్తకం 1678లో వచ్చింది. డాంటే కావ్యం పూర్తిగా ఇంగ్లిషులోకి వచ్చేసరికి 1802 అయింది. బన్యన్ బెడ్‌ఫర్డ్ దగ్గరి పల్లెలో గిన్నెలకు మాట్లు వేసేవాళ్లింట్లో పుట్టినవాడు. అనుమతి లేకుండా ప్రసంగాలు చేస్తున్నాడని 1660లో జైల్లో పెడితే పన్నెండేళ్లు అక్కడే ఉన్నాడు. లేసులు చేసి అమ్మి పెళ్లాంబిడ్డల్ని సాకాడు. అతని పుస్తకం నిండా బైబిలే గానీ ఇటలీ వాసన లేదు.

ఇక చదవాలా అంటారా? తప్పకుండా చదవండి. దారి చూపేవాడి సంగతి రెండింట్లో ఒకటి కాదు. తన కావ్యంలో తానే యాత్రికుడైన డాంటేకి దొరికిన రోమన్ కవి వర్జిల్ అతని వెంటే నడుస్తాడు. నరకం గుమ్మం దగ్గర భయపడితే నవ్వుముఖంతో చెయ్యి మీద చెయ్యి వేసి లోపలికి తీసుకెళ్తాడు. మొదటి భాగం, అంటే నరకం, 23వ సర్గలో దయ్యాలు తరుముకొస్తుంటే డాంటేని గుండెకు హత్తుకుని రాళ్లవాలు మీద జారిపోతాడు. అక్కడ కవి చెప్పిన పోలిక చూడండి: నిద్రలో ఇల్లంటుకుంటే, ఒంటి మీద బట్ట సంగతి కూడా ఆలోచించకుండా పిల్లాణ్ణి ఎత్తుకుని పరిగెత్తే తల్లిలా, అంటాడు.

ఈ పోలిక గుర్తుపెట్టుకుని రెండో భాగం, అంటే పాపాలు కడుక్కునే కొండ, 30వ సర్గకు రండి. డాంటే ప్రేమించి పోగొట్టుకున్న బియాట్రీస్ కనిపిస్తుంది. డాంటే గుండె దడదడలాడి, భయమేసిన పిల్లాడు అమ్మ దగ్గరకి పరిగెత్తినట్టు, వర్జిల్‌తో చెప్పబోయి ఎడమవైపు తిరుగుతాడు. అక్కడ వర్జిల్ లేడు. ఎప్పుడు వెళ్లిపోయాడో కూడా తెలియదు. క్రీస్తుకు ముందు పుట్టిన కవి కాబట్టి అతనికి స్వర్గంలోకి ప్రవేశం లేదు. అప్పుడు బియాట్రీస్, "డాంటే" అని పేరుపెట్టి పిలిచి, వర్జిల్ పోయాడని ఏడవకు అంటుంది. వంద సర్గల్లో డాంటే పేరు వినపడేది ఆ ఒక్కసారే.

డిగ్రీ కాలేజీలో ఈ పాఠం చెప్పినప్పుడు ఒకమ్మాయి లేచి, "సార్, వర్జిల్ చేసిన తప్పేంటి?" అంది. నేను సుద్దముక్క కింద పెట్టి, బెల్లు ఎప్పుడు కొడతారా అని చూశాను. మన ధర్మరాజైతే దేవదూత వెంట వెళ్లి నరకం చూసి, నావాళ్లున్న చోటే నేనూ ఉంటానని భీష్మించుకున్నాడు. డాంటే కళ్లనీళ్లు పెట్టుకుంటాడు గానీ వెనక్కి వెళ్లడు.

మీ అమ్మమ్మ పుస్తకంలో యాత్రికుడు, పేరు క్రిస్టియన్, అతనికి ఇలాంటి తోడు లేదు. ఒకరు దూరాన గుమ్మం చూపించి పంపిస్తారు, ఇంకొకరు ఊబిలోంచి లాగి, మెట్లున్నాయి కదా, చూసుకోలేదేం అని అడుగుతారు. నడవాల్సింది అతనే. తోటి యాత్రికులు కలుస్తారు గానీ వాళ్లదీ అదే అవస్థ. నిరాశ అనే రాక్షసుడి కోటలో అతనూ, కొత్తగా కలిసిన స్నేహితుడూ బుధవారం పొద్దుటి నుంచి శనివారం రాత్రి దాకా తిండీ నీళ్లూ లేకుండా పడి ఉంటారు. ఏ దేవదూతా రాడు. తెల్లవారబోతుండగా, "నేనెంత వెర్రివాణ్ణి! తాళంచెవి నా రొమ్ము దగ్గరే ఉందిగా" అంటాడు. వాగ్దానం అనే తాళంచెవి. తలుపులు తెరుచుకుంటాయి గానీ బయటి ఇనుపగేటు తాళం మాత్రం మొరాయిస్తుంది. తాళం మొరాయించిన సంగతి కూడా రాశాడు చూడండి, అక్కడ నాకు జైలు చూసినవాడి చెయ్యి కనిపిస్తుంది.

డాంటే ఎక్కువగా ఇతరుల పాపాలు చూస్తూ, జాలిపడుతూ, ఒకచోట మూర్ఛపోతూ నడుస్తాడు. క్రిస్టియన్‌కి చూసే తీరిక లేదు, పాపాల మూట అతని వీపు మీదే ఉంది. అందుకే బన్యన్ చదువుతుంటే నాకు టెన్షన్, డాంటే చదువుతుంటే దిగులు. అయితే బన్యన్ చివర్లో, స్వర్గం గుమ్మం దాకా వచ్చిన అజ్ఞాని అనేవాణ్ణి కాళ్లూచేతులూ కట్టి నరకంలో తోయించడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఒకమాట. 1684లో బన్యన్ రెండో భాగం రాశాడు. అందులో క్రిస్టియన్ భార్య నలుగురు కొడుకులతో బయల్దేరుతుంది. ఈసారి వాళ్లకు కత్తి పట్టుకుని వెంట నడిచే తోడును ఇచ్చాడు. చాలా అచ్చుల్లో మొదటి భాగమే ఉంటుంది. అమ్మమ్మ కుట్టుకున్న ప్రతిలో ఆ రెండోది ఉందో లేదో చూసి నాకో కార్డు ముక్క రాయండి.