జపాన్ వేలంలో పాత కెమెరా లెన్స్ కొనాలి, ఉండేది హైదరాబాద్‌లో. ఎలా?

యాహూ జపాన్ వేలంలో చాలామంది అమ్మకందారులు సరుకును జపాన్ చిరునామాకే పంపుతారు. అందుకే బయ్యీ, జెన్‌మార్కెట్ లాంటి మధ్యవర్తి సైట్లు. మీ తరఫున వాళ్లే పాట పాడి, సరుకు తమ గోడౌన్‌కి తెప్పించుకుని మీకు పంపుతారు.

పాట ధర చూసి మురిసిపోకండి. దాని మీద మధ్యవర్తి ఫీజు, జపాన్ లోపలి కొరియర్, అంతర్జాతీయ పోస్టేజీ, ఇక్కడి కస్టమ్స్ సుంకం పడతాయి. చవకైన లెన్స్‌కి ఖర్చులే అసలు ధరను మించొచ్చు. రెండు మూడు వస్తువులు కలిపి ఒకే పెట్టెలో తెప్పించుకుంటే కొంత నయం.

అసలు జాగ్రత్త వివరణ చదవడంలో ఉంది. అనువాదాన్ని నమ్మొద్దు, జపనీస్ మాటలే వెతకండి. 'కబి' అంటే బూజు, 'కుమోరి' అంటే గాజు మసకబారడం. 'జంకు' అని ఉంటే పనిచేస్తుందన్న హామీ లేదని అర్థం, తిరిగి తీసుకోరు.

ఇంకోటి, ఆఖరి సెకనులో పాడి కొట్టేద్దామంటే కుదరకపోవచ్చు. ఆటోమేటిక్ పొడిగింపు ఉన్న వేలంలో చివరి 5 నిమిషాల్లో ధర పెరిగితే గడువు మరో 5 నిమిషాలు జరుగుతుంది. ఆ టెన్షన్‌లోనే చేతి చమురు వదిలేది. మీ గరిష్ఠ ధర ముందే పెట్టేసి పడుకోండి.