ఇంట్లో చేసిన షాకిల్స్‌తో బండి ఎత్తు పెంచితే చట్టం ఒప్పుకుంటుందా?

ప్రశ్న: లాయర్ గారూ, నాకు పాత ఫోర్‌వీల్ డ్రైవ్ ట్రక్కు ఉంది. అప్పుడప్పుడూ రాళ్లలో, బురదలో ఆఫ్‌రోడింగ్‌కి తీసుకెళ్తుంటాను. వెనక కమాన్ కట్టల షాకిల్స్ (కట్ట చివరను ఛాసిస్‌కు కలిపే ప్లేట్లు) అరిగిపోతే 10 ఎంఎం ప్లేటు తెచ్చి నేనే కొత్తవి చేసుకున్నాను, పనిలో పనిగా రెండు అంగుళాలు పొడవు పెంచాను. బండి బాగానే నడుస్తోంది. అది చూసి ఇద్దరు స్నేహితులు డబ్బులిస్తాం, మాకూ చేసిపెట్టమంటున్నారు. ఇది చట్టానికి విరుద్ధమా? "ఏం జరిగినా బాధ్యత మాదే" అని వాళ్ల చేత రాయించుకుంటే సరిపోతుందా?

జవాబు: మీరు చేసింది ఒక పని అనుకుంటున్నారు గానీ చట్టం దృష్టిలో అవి రెండు. అరిగిపోయిన షాకిల్ తీసేసి అదే కొలతతో, అదే బలంతో ఇంకొకటి వేస్తే అది రిపేరు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎక్కడ చేయించారని అడిగేవాళ్లూ ఉండరు. తలనొప్పంతా ఆ "పనిలో పనిగా" పెంచిన రెండు అంగుళాలతోనే. ఇంకో మాట, షాకిల్ రెండు అంగుళాలు పెరిగితే బండి లేచేది దాదాపు ఒక్క అంగుళమే, అంటే మీరు ఈ టెన్షనంతా నెత్తిన పెట్టుకున్నది ఆ ఒక్క అంగుళం కోసం!

మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీ కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు తేడాగా ఉండేలా బండిని మార్చకూడదని అది చెబుతుంది. మార్పు అంటే ఏమిటో కూడా అక్కడే వివరణ ఉంది: బండి నిర్మాణంలో మార్పు వచ్చి, దానివల్ల దాని మౌలిక లక్షణం మారడం. మీ తరఫున నేను వాదించాల్సి వస్తే ముందు ఇక్కడే పట్టుకుంటాను. ఆర్సీలో ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు, వీల్‌బేస్, ఖాళీ బండి బరువు, రంగు లాంటివి ఉంటాయి గానీ షాకిల్ పొడవు ఉండదు, కాబట్టి ఆర్సీకీ బండికీ తేడా ఏదీ లేదని అంటాను. వాదన పనికిమాలినదేం కాదు, కానీ దాన్ని నమ్ముకుని రోడ్డెక్కమని మాత్రం మీకు చెప్పను. 2019 జనవరిలో కె. జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు కంపెనీ స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదని గట్టిగానే చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి సెక్షన్ 182ఎ చేర్చారు. అందులో నాలుగో ఉపసెక్షన్ మీలాంటి వాళ్ల గురించే: విడిభాగాలు బిగించడంతో సహా, అనుమతి లేని రీతిలో బండిని మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. "ఒక్కో మార్పుకు" అన్న మాట చూడండి, రేపు పెద్ద టైర్లు కూడా వేస్తే లెక్క మళ్లీ మొదలవుతుంది. ఇది కాక, బండి జనానికి ప్రమాదకరంగా ఉందనిపిస్తే మీ సంజాయిషీ విని, సెక్షన్ 53 కింద రిజిస్ట్రేషన్‌ను సస్పెండ్ చేసే అధికారం కూడా ఆర్టీవో ఆఫీసుకు ఉంది.

నిజం చెప్పాలంటే ఈ జరిమానా గురించి నాకు పెద్ద బెంగ లేదు. నా భయమంతా యాక్సిడెంట్ తర్వాత వచ్చే ఒక కాగితం గురించి. ఎవరికైనా దెబ్బ తగిలిన కేసులో మోటారు వెహికిల్ ఇన్‌స్పెక్టర్ వచ్చి బండిని పరీక్షించి రిపోర్టు ఇస్తారు. ప్రమాదం బండిలోని యాంత్రిక లోపం వల్ల జరగలేదు అనే ఒక్క వాక్యం చాలా కేసుల్లో అలవాటుగా వచ్చేస్తుంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు కూడా. మీ బండి విషయంలో ఆ వాక్యం అంత తేలిగ్గా రాదు. ఇన్‌స్పెక్టర్ వెనక చక్రం పక్కన వంగి చూస్తే కనిపించేదేమిటి? కంపెనీ మార్కు లేని, చేత్తో రంగు వేసిన రెండు ప్లేట్లు. రంధ్రాలు డ్రిల్లుతో వేశారా, గ్యాస్‌తో కోశారా, బోల్టు తల మీద దాని బలాన్ని చెప్పే గ్రేడు, 8.8 అనో 10.9 అనో, ఉందా, లేక దొరికిన బోల్టు వేసేశారా, బరువు మోసేది బోల్టు నున్నటి భాగమా మరల భాగమా, ప్లేట్లు పక్కకు ఒరగకుండా మధ్యలో అడ్డపట్టీ ఉందా అని ఆయన చూడకపోయినా అవతలి లాయర్ క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒక్కోటి అడిగి మరీ రాయిస్తాడు. కొన్ని బళ్లలో వెనక యాక్సిల్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఒక చిన్న రాడ్డుతో బ్రేక్ వాల్వు ఉంటుంది. లోడు పడి వెనక భాగం దిగేకొద్దీ అది వెనక బ్రేకులకు ఎక్కువ ప్రెషర్ పంపిస్తుంది. షాకిల్ పొడవు పెంచి ఆ వాల్వును మళ్లీ సెట్ చేయకపోతే, లోడున్నా బండి ఖాళీగానే ఉందనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తుంది. మీ బండికి అది ఉంటే, బ్రేకులు సరిగ్గా పడకపోవడానికి కారణం మీ షాకిలే అని చెప్పడానికి పెద్ద నిపుణుడు కూడా అక్కర్లేదు.

అప్పుడు కేసు ఎటు తిరుగుతుందో చూడండి. తెలిసిన లోపంతోగానీ, మామూలు జాగ్రత్తతో చూస్తే తెలిసిపోయే లోపంతోగానీ ప్రమాదకరమైన బండిని నడపడం సెక్షన్ 190 కింద నేరం. గాయమైతే మొదటిసారికి మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 జరిమానా, లేదా రెండూ. ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద నిర్లక్ష్యం వల్ల మరణం, ఐదేళ్ల దాకా శిక్ష. షాకిల్ చేసింది మీరే, బిగించింది మీరే, నడిపింది మీరే కాబట్టి నాకు తెలీదు అనే మాట మీ నోట రాదు.

ఇన్సూరెన్స్ సంగతి సగం మంచి, సగం చెడు. దెబ్బ తిన్న మూడో వ్యక్తికి పరిహారం విషయంలో కంపెనీ తప్పించుకోడానికి చట్టం ఒప్పుకునే కారణాలు కొన్నే, సెక్షన్ 150లోని ఆ జాబితాలో బండికి మార్పు చేశారన్నది విడిగా లేదు. అందుకని బాధితుడికి మామూలుగా డబ్బు అందుతుంది, ఆ తర్వాత పాలసీ షరతు తప్పారంటూ మీ దగ్గర రాబట్టుకోవాలని కంపెనీ చూడొచ్చు. మీ సొంత బండి డ్యామేజీ క్లెయిమ్ మాత్రం వేరే కథ. బండిని సరైన కండిషన్‌లో ఉంచాలన్న షరతు పాలసీలో ఉంటుంది, సర్వేయర్ ఫొటోల్లో ఆ షాకిల్స్ పడ్డాయంటే మీ క్లెయిమ్ మీద ఆశ తగ్గించుకోవడం మంచిది.

ఆఫ్‌రోడే కదా, రోడ్డు చట్టంతో పనేంటి అని అడుగుతారేమో. ప్రజలకు వెళ్లే హక్కు ఉన్న చోటల్లా చట్టం ప్రకారం పబ్లిక్ ప్లేసే, మట్టి దారి అయినా సరే. చుట్టూ కంచె ఉన్న సొంత పొలంలో తిప్పితే సెక్షన్ 190 లాంటివి మీ జోలికి రావడం కష్టమే. కానీ సెక్షన్ 52 బండి ఎక్కడ తిరిగిందని అడగదు, రిజిస్ట్రేషన్ ఉన్న బండిని మార్చారా లేదా అన్నదే చూస్తుంది. పైగా అక్కడిదాకా బండి గాల్లో వెళ్లదు కదా.

కాబట్టి మీరు చేయాల్సింది, రోడ్డు మీద తిరిగేటప్పుడు ఒరిజినల్ కొలత షాకిల్స్ వేసి ఉంచండి, కొన్న బిల్లు దాచుకోండి. ఎత్తు కావాల్సిందే అంటే ముందుగా ఆర్టీవోకు రాతపూర్వకంగా దరఖాస్తు చేయండి. అనుమతి లేకుండా మార్పు చేసేస్తే 14 రోజుల్లోగా తెలపాలని సెక్షన్ 52 అంటుంది, అయితే తెలిపినంత మాత్రాన ఆ మార్పు సక్రమం అయిపోదు. గుర్తింపు ఉన్న టెస్టింగ్ ఏజెన్సీ సర్టిఫికెట్ ఏదని అక్కడ అడిగితే ఇంట్లో కోసిన ప్లేటుకు మీరు చూపించగలిగేది ఏమీ ఉండదు. ఆఫ్‌రోడింగ్‌కే ప్రత్యేకంగా బండి ఉంచుకునేవాళ్లు దాన్ని క్యారియర్ మీద ఎక్కించి తీసుకెళ్లడం ఊరికే కాదు.

ఇక మీ స్నేహితుల సంగతి. డబ్బు తీసుకుని చేసిచ్చిన క్షణం నుంచి మీరు సరదాగా చేసే మనిషి కాదు, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద వస్తువు తయారీదారు అనిపించుకునే అవకాశం ఉంది. లోపం ఉన్న వస్తువు వల్ల నష్టం జరిగితే తయారీదారు పరిహారం కట్టాలని ఆ చట్టంలో ఒక అధ్యాయమే ఉంది. డబ్బు తీసుకోకపోతే వినియోగదారుల కోర్టు గోల తప్పొచ్చు, నిర్లక్ష్యం కేసు తప్పదు. మీరు అడిగిన ఆ బాధ్యత కాగితం మీ ఇద్దరి మధ్య గొడవలో కొంత పనికిరావచ్చు. షాకిల్ విరిగి బండి అదుపు తప్పితే దెబ్బ తగిలేది దారిన పోయే ఇంకొకరికి, ఆ కాగితం మీద సంతకం పెట్టింది ఆయన కాదు. పోలీసులకైతే అది ఇంకా మేలు చేస్తుంది, ప్రమాదం ఉందని మీ ఇద్దరికీ ముందే తెలుసని మీరే రాసిచ్చినట్టు అవుతుంది. అందుకని కాగితమూ వద్దు, ఆ ఆర్డరూ వద్దు, ఒరిజినల్ షాకిల్స్ కొనుక్కోమని చెప్పండి, కావాలంటే బిగించడానికి సాయం చేయండి.