అసందర్భమా, సందర్భం లేకపోవడమా?

సందేహం: మా వీధి వాట్సాప్ గ్రూపులో 'రేపు నీళ్లు రావు. ఇది వట్టి పుకారు, నమ్మొద్దు' అని పెట్టాను. ఎవరో మొదటి వాక్యం వరకే కోసి స్క్రీన్‌షాట్ తిప్పారు. తెల్లారేసరికి అందరూ 'ఏంది నీ కత' అని నా మీద పడ్డారు. ఇలా చేయడాన్ని 'అసందర్భంగా వాడటం' అనాలా, 'సందర్భం లేకుండా వాడటం' అనాలా?
– ఒక పాఠకుడు, కావలి

సమాధానం: 'అసందర్భం' అన్నారంటే దెబ్బ మీకే తగులుతుంది. అది మాట్లాడినవాడి తప్పు, చావింట్లో పెళ్లి కబుర్లు చెప్పడం లాంటిది. ఇక్కడ తప్పు కోసినవాడిది. 'సందర్భం లేకుండా' ఫర్వాలేదు. 'సందర్భం నుంచి బయటికి తీసి' అని ఈమధ్య టీవీల్లో అంటున్నారే, సందర్భమేమన్నా బీరువానా!

సంస్కృతంలో 'దృభ్' ధాతువుకి గుచ్చడం, కూర్చడం అని అర్థం. సందర్భం అంటే అసలు కూర్పు, దండ. (గ్రంథరచన అనే అర్థమూ ఉంది, తెలుగులో దాన్ని పట్టించుకునే నాథుడు లేడు.) దారం తెగితే పువ్వులుంటాయి గానీ దండ ఉండదు. అందుకే నన్నడిగితే 'సందర్భం తెంచి' అంటాను.

దీనికి మన నెల్లూరు తిక్కనగారిని మించిన సాక్షి లేడు. విరాటపర్వంలో, ఉత్తర గోగ్రహణం దగ్గర, ఎదురొచ్చింది అర్జునుడని తేలాక భీష్ముడు దుర్యోధనుడితో 'వచ్చినవాఁడు ఫల్గునుఁ డవశ్యము గెల్తు మనంగ రాదు' అంటాడు. ఎక్కడ ఆపి చదువుతారో చూడండి. 'ఫల్గునుడు' దగ్గర ఆపితే, తప్పక గెలుస్తామని చెప్పలేం అని. 'అవశ్యము' దాకా వెళ్లి ఆపితే, వచ్చింది అర్జునుడే, సందేహం లేదు అని నొక్కు అటు పడుతుంది. 'అవశ్యము గెల్తుము' అని ఆగి, 'అనంగ రాదు' అని గొంతు తగ్గిస్తే, గెలుస్తాం గానీ పైకి అనకూడదు అని! ఈ ఒక్క ముక్క మీద నేను పొద్దుగూకే దాకా మాట్లాడగలను, మా ఇంట్లోవాళ్లు పడనివ్వరు. అయితే తిక్కనగారు అక్కడితో ఆపలేదు కదా, తలపడ్డ రెండు సేనలూ గెలుస్తాయా అని వెంటనే ఆ భీష్ముడి చేతే అడిగించారు, దాంతో మొదటి అర్థానికే బలం. పద్యం సగానికి కోసి ఉంటే దుర్యోధనుడు 'అవశ్యము గెల్తుము' అని స్టేటస్ పెట్టుకునేవాడు.

బళ్లో మాకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయించేవాళ్లు. ఎవరు, ఎవరితో, ఎప్పుడన్నారో రాయకపోతే మార్కులు పోయేవి. ఇప్పుడు ఫార్వర్డ్ చేసేవాళ్లకి ఆ భయం లేదు.

కోప్పడకండి గానీ, మీదీ కాస్త ఉంది. పుకారుని ముందు పెట్టి, దాని పక్కన చుక్క కూడా పెట్టి ఇచ్చారు. 'రేపు నీళ్లు రావన్నది వట్టి పుకారు' అని ఒక్క వాక్యంగా కట్టి ఉంటే కత్తెరకి అంత తేలిగ్గా సందు దొరికేది కాదు.