స్మాషరా, లిఫ్టరా? ముందు మీ ఫస్ట్ బాల్ ఎక్కడ పడుతుందో లెక్కపెట్టండి

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. మీది ఉలవపాడు పక్క ఊరు, సంక్రాంతి వాలీబాల్ టోర్నమెంటుకి నెల టైముంది, ఆరుగురిలో ఐదుగురు ఖాయం. మిగిలిన ఒక్క చోటుకి ఇద్దరున్నారు. ఒకతను ఆరడుగుల స్మాషర్, అంటే నెట్ మీద నుంచి కొట్టేవాడు. ఇంకొకతను ఐదడుగుల ఆరంగుళాల లిఫ్టర్, అంటే కొట్టేవాడికి బాల్ ఎత్తి ఇచ్చేవాడు. ప్రస్తుతానికి మీ కెప్టెనే లిఫ్ట్ ఇస్తున్నాడు, అతను అసలు కొట్టే ఆటగాడు. జెర్సీలకీ ఎంట్రీ ఫీజుకీ డబ్బులు పంపిస్తున్న కెనడా బావ మాత్రం ఐస్ హాకీ లెక్క చెప్పి, గోల్ కొట్టేవాడే గెలిపిస్తాడు గనక స్మాషర్నే తీసుకోమంటున్నాడు.

మీ రిసీవింగ్, అంటే అవతలి సర్వీసుని అందుకోవడం, ఒక మాదిరిగా ఉన్నా సరే, లిఫ్టర్నే తీసుకోండి. స్మాషర్ వస్తే మీకు పెరిగేది ఒక స్మాషర్. లిఫ్టర్ వస్తే లిఫ్టరూ వస్తాడు, లిఫ్టింగ్ నుంచి బయటపడి కొట్టడానికి కెప్టెనూ మిగులుతాడు. అయితే రిసీవింగ్ ఒక మాదిరిగా ఉందా లేదా అన్నది గట్టున నిలబడి చూస్తే తేలదు. నోటుబుక్ పట్టుకుని లెక్కపెట్టాలి.

ఎలాగంటే, పక్క ఊరి టీముతో రెండు సెట్లు ప్రాక్టీస్ మ్యాచ్ పెట్టుకోండి. ఆడని మనిషినొకణ్ణి ఎండ్ లైన్ వెనక కూర్చోబెట్టండి. అవతలి వాళ్లు చేసిన ప్రతి సర్వీసుకీ మీ ఫస్ట్ బాల్, అంటే సర్వీసుని అందుకుని మీవాళ్లు లిఫ్ట్ కోసం పంపిన బాల్, ఎలా వచ్చిందో ఒక అంకె వేయాలి. బాల్ మూడు మీటర్ల గీత లోపలికి వచ్చి, లిఫ్ట్ ఇచ్చేవాడు నిలబడి వేళ్ల మీద తీసుకోగలిగితే 3. అతను పరిగెత్తాల్సి వచ్చి, ఒక్క వైపుకే లిఫ్ట్ ఇవ్వగలిగితే 2. ఎవడో ఒకడు అండర్‌తో (ముంజేతుల మీద) పైకి లేపాల్సి వస్తే 1. పాయింట్ పోతే సున్నా. ఇరవై సర్వీసుల్లో 3 గానీ 2 గానీ పడ్డవి పన్నెండు దాటితే లిఫ్టర్ మీకు పనికొస్తాడు. ఎనిమిది లోపే ఉంటే ఎంత మంచి లిఫ్టర్ వచ్చినా బాల్ వెనక పరిగెత్తడంతోనే సరిపోతుంది. అలాంటి టీముకి, ఎక్కడో లేచిన చెడ్డ బాల్‌ని కూడా అవతల పడేయగల పొడుగు మనిషే మేలు. మధ్యలో ఉంటే వారం రోజులు రిసీవింగ్ ఒక్కటే చేసి మళ్లీ లెక్కపెట్టండి. వారంలో పెరిగేది అదొక్కటే, ఎందుకంటే ఎక్కువ తప్పులు చేతుల్లో ఉండవు, నిలబడే చోటులో ఉంటాయి. ఇద్దరి మధ్యన పడే బాల్ ఎవరిదో ముందే మాట్లాడుకుంటేనే సగం సున్నాలు పోతాయి.

అదే పుస్తకంలో ఇంకో పక్క, మీ స్మాష్‌లు ఎందుకు పోతున్నాయో కూడా రాయించండి. నెట్‌కి తగిలిందా, బయటికి పోయిందా, బ్లాక్ అయిందా, కొట్టలేక ఊరికే దాటించారా. ఊరికే దాటించినవీ నెట్‌కి తగిలినవీ ఎక్కువుంటే చాలామంది కొట్టేవాణ్ణి తిడతారు. అతని పాదాలు చూడండి. లేచే ముందు అడుగు ఆగిందంటే, లేదా బాల్ తల వెనక్కి పోయిందంటే తప్పు లిఫ్ట్‌ది. బాల్ ముందుండీ, అడుగులు సరిగ్గా పడీ నెట్‌కి కొడితేనే అది స్మాషర్ తప్పు. ఎప్పుడూ బ్లాకే అవుతుంటే అవతలి వాళ్లకి లిఫ్ట్ ఎటు వస్తుందో ముందే తెలిసిపోతోందని అర్థం. కెప్టెన్లు లిఫ్ట్ ఇచ్చే టీముల్లో ఇది మరీ ఎక్కువ. చేతులు లేవకముందే భుజం ఫోర్ పొజిషన్ (నెట్ దగ్గర ఎడమ చివర) వైపు తిరిగిపోతుంది.

ఇక ఇద్దరినీ పరీక్షించడం. దానికంటే ముందు నెట్ కొలవండి, ఇది చాలా ఊళ్లలో జరగదు. మగవాళ్ల ఆటకి నెట్ ఎత్తు మధ్యలో 2.43 మీటర్లు ఉండాలి. రెండు సైడ్ లైన్ల మీద ఎత్తు సమానంగా ఉండాలి, మధ్య కంటే 2 సెంటీమీటర్లకి మించి ఎక్కువ ఉండకూడదు. తాడు వదులైన నెట్ మధ్యలో జారిపోయి ఉంటే సెంటర్లో కొట్టే ప్రతివాడూ మహా స్మాషర్ లాగే కనపడతాడు. టోర్నమెంటులో నెట్ బిగించి కట్టేసరికి అవే బాల్స్ పై పట్టీకి తగులుతాయి. 2.43 దగ్గర గుర్తు పెట్టిన కర్ర ఒకటి గ్రౌండులోనే ఉంచుకోండి. బాల్‌లో గాలి కూడా చూడండి. గాలి బాగా గట్టిగా కొట్టిన బాల్ లిఫ్టర్ వేళ్ల మీద నుంచి ఎగిరిపోతుంది, తప్పు అతనిది అనిపిస్తుంది.

స్మాషర్‌కి చేత్తో చక్కగా ఎగరేసిన బాల్స్ ఇచ్చి చూడటం పరీక్ష కాదు. నెట్‌కి రెండు మీటర్ల దూరంలో, కొంచెం వెనక్కి పోయిన హై బాల్స్ ఇవ్వండి. ఎదురుగా ఇద్దరు బ్లాకర్లని నిలబెట్టండి. పది బాల్స్. పాయింట్ అయితే ఒకటి కలపండి, నెట్‌కి కొట్టినా బయటికి కొట్టినా బ్లాక్ అయినా ఒకటి తీసేయండి, ఆటలో ఉంటే సున్నా. ఐదు అదరగొట్టి ఐదు పోగొట్టినవాడి లెక్క సున్నాయే. నాలుగు పాయింట్లు చేసి, ఒకటే పోగొట్టి, మిగతావి బ్లాకర్ల వేళ్లకి తగిలించో ప్లేసింగ్ చేసో (ఖాళీ చోట మెల్లగా వేసో) ఆటలో ఉంచినవాడు మూడు. గ్రౌండంతా విజిల్స్ వేసేది మొదటివాడికి, సెట్ గెలిపించేది రెండోవాడు.

ఇంకొకటి చూడాలి. గ్రౌండ్ మీద నీళ్లు చల్లి, నేల కాస్త తడిగా ఉన్నప్పుడు అతని చేత కొట్టించండి. కుడిచేతి వాటం మనిషైతే ఎడమ, కుడి, ఎడమ అడుగులు వేసి లేస్తాడు. లేచిన చోట మడమల గుర్తు లోతుగా దిగి ఉండాలి. దిగిన చోటు అక్కణ్ణించి అడుగు, అడుగున్నర ముందుంటే బాగుంది. మూడు నాలుగడుగులు ముందుకు పోయి, ముందరి వేళ్ల గుర్తు సెంటర్ లైన్ దగ్గర కనిపిస్తే అతను పైకి లేవడం లేదు, ముందుకు దూకుతున్నాడు. అట్లాంటివాడు నెట్‌కి తగులుతాడు. మంచి లిఫ్ట్ ఇచ్చినా బాల్ కిందికి వెళ్లిపోయి కొడతాడు. మడమ గుర్తే లేకపోతే వేగాన్ని ఆపకుండానే లేస్తున్నాడన్నమాట. ఈ అలవాటు నెలలో మారదు.

లిఫ్టర్ పరీక్షకి ఫోర్ పొజిషన్లో, సైడ్ లైన్ నుంచి ఒక మీటరు లోపలికి, నెట్‌కి ముప్పాతిక మీటరు దూరంలో నేల మీద పాత సైకిల్ టైరు పెట్టండి. వెనక నుంచి ఒకరు ఇరవై బాల్స్ వేయాలి, అన్నీ ఒకే చోటికి కాదు. కొన్ని నెట్‌కి దగ్గరగా, కొన్ని మూడు నాలుగు మీటర్ల వెనక్కి, కొన్ని తక్కువ ఎత్తులో. అతను లిఫ్ట్ ఇచ్చిన బాల్‌ని ఎవరూ ముట్టుకోకుండా కింద పడనివ్వండి. టైరులోనో దానికి అడుగు దూరంలోనో పన్నెండు పడితే మంచి లిఫ్టరే. పడనివి ఎటు పోయాయో కూడా చూడండి. నెట్‌కి అతుక్కునేవి ప్రమాదం, బ్లాకర్‌కి దొరుకుతాయి. ఎత్తు నెట్ మీద రెండున్నర, మూడు మీటర్లు ఉండాలి, అంతకు తగ్గితే మీ స్మాషర్లకి అడుగులు వేసే టైముండదు. చేతుల కంటే కాళ్లని ఎక్కువ గమనించండి. బాల్ కిందికి ముందే చేరి ఆగి ఇస్తున్నాడా, చేతులు చాచి అందుకుంటున్నాడా అన్నది ముఖ్యం. చాచి అందుకునేవాడికి అంపైర్ డబుల్ టచ్ (బాల్ రెండుసార్లు తాకిన తప్పు) ఇస్తాడు. ఆఖరున, మీలో ఒకణ్ణి వరసగా రెండు స్మాష్‌లు బయటికి కొట్టమని రహస్యంగా చెప్పండి. మూడో బాల్ కూడా ధైర్యంగా అతనికే ఇచ్చి, 'పర్లేదు, ఇంకొంచెం ఎత్తిస్తా' అనే లిఫ్టర్ దొరికితే వదలొద్దు. మొహం మాడ్చుకుని ఇంకోవైపు తిరిగేవాడితో టీము రెండు ముక్కలవుతుంది.

మన సముద్రం పక్క ఊళ్లలో గాలి సంగతి కూడా ఉంది. గాలి అడ్డంగా కొడుతున్న వైపు హై బాల్ ఇస్తే అది పడేసరికి గజం జరుగుతుంది. తెలిసిన లిఫ్టర్ ఆ కోర్టులో ఎత్తు మీటరున్నరకి తగ్గిస్తాడు, సెట్ మారగానే మళ్లీ పెంచుతాడు. సంక్రాంతికి పొద్దుటి పూటా, రాత్రి లైట్ల కింద బాగా పొద్దుపోయాకా మంచు కురిసి బాల్ జారుతుంది. పాయింటుకీ పాయింటుకీ మధ్య బాల్ తుడవడానికి గుడ్డ దగ్గరుంచుకోండి. లిఫ్టర్ ఎటు నిలబడితే లైటు కళ్లలో పడుతుందో టాస్ వేయకముందే చూసుకోవాలి.

టైము సంగతి కూడా తేల్చుకోవాలి. గెస్ట్‌గా పిలిచిన స్మాషర్ శనివారం వచ్చి ఆదివారం ఆడేయగలడు. లిఫ్టర్ అలా కుదరడు. ఎవరికి ఎంత ఎత్తు కావాలో, ఎవరు ముందే లేస్తారో, ఎవరు ఆలస్యంగా కదులుతారో అతనికి తెలియాలంటే కనీసం పది పన్నెండు సాయంత్రాలు కలిసి ఆడాలి. టోర్నమెంటు వారంలో ఉంటే నేనూ స్మాషర్నే తీసుకోమనేవాణ్ణి. మీకు నెలుంది. కానీ పొగాకు బ్యారన్ల పని మొదలైతే సాయంత్రం ఆరుగురు ఒక చోట దొరకరు, కాబట్టి ప్రాక్టీసు ఇప్పుడే మొదలుపెట్టండి. మొదటి వారం ఫోర్ పొజిషన్‌కి హై బాల్ తప్ప ఇంకేం వద్దు. రెండో వారం వెనక్కి టూ పొజిషన్‌కి (నెట్ దగ్గర కుడి చివరకి). సెంటర్లో షార్ట్ బాల్ (తక్కువ ఎత్తులో వేగంగా ఇచ్చే లిఫ్ట్) మూడో వారమే, అదీ ఫస్ట్ బాల్‌కి 3 పడ్డప్పుడే. షార్ట్‌కి స్మాషర్ బాల్ లిఫ్టర్ వేళ్లు వదిలేసరికే గాల్లో ఉండాలి, అది తొందరపడితే వచ్చేది కాదు.

ఎత్తు తక్కువనే భయం నిజమే. లిఫ్టర్ ముందు వరసకి వచ్చినప్పుడు అవతలి ఫోర్ పొజిషన్ స్మాషర్ అతని చేతుల మీద నుంచి కొడతాడు. అప్పుడు అతను సైడ్ లైన్ వెంట వచ్చే దెబ్బనే కాయాలి, సెంటర్ బ్లాకర్ వచ్చి పక్కన చేరాలి, ఆ వెనకాల ప్లేసింగ్ కోసం ఒకరు ముందుకు జరగాలి. రొటేషన్ (వరస ప్రకారం చోట్లు మారడం) పాటించకుండా ఎవరి చోట వాళ్లు ఆడే టోర్నమెంట్లు కూడా మన వైపు ఉంటాయి. నిర్వాహకుల్ని ముందే అడుగు. అక్కడ పొట్టివాడు ఎప్పుడూ ముందే నిలబడాలి గనక ఈ కవరింగ్ ప్రతి బాల్‌కీ కావాలి.

మీ బావ హాకీ లెక్క గురించి. ఆయన చెప్పిన ఆటలోనే ఆయనకి జవాబుంది. ఐస్ హాకీలో ప్రతి గోల్‌కీ అందించిన ఇద్దరి దాకా అసిస్ట్ రాస్తారు, గోల్‌కీ అసిస్ట్‌కీ ఆటగాడి ఖాతాలో ఒక్కొక్క పాయింటే. వేన్ గ్రెట్జ్‌కీ అక్కడి పెద్ద హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 894 గోల్స్ కొట్టాడు, అసిస్ట్‌లు 1963. గోల్స్ అన్నీ తీసేసినా, ఆ అసిస్ట్‌లు ఒక్కటే ఇంకే ఆటగాడి మొత్తం పాయింట్ల కన్నా ఎక్కువ. ఆ గోల్స్ రికార్డుని 2025 ఏప్రిల్లో ఒవెచ్‌కిన్ దాటాడు, అసిస్ట్‌ల రికార్డు దరిదాపుల్లో ఎవరూ లేరు. మీకు దగ్గరగా సరిపోయేది బ్రెట్ హల్ సంగతి. సెయింట్ లూయిస్ తరఫున 1990-91లో 86 గోల్స్ కొట్టాడు, పక్కన అందించేవాడు ఆడమ్ ఓట్స్. 1992 ఫిబ్రవరిలో ఓట్స్ బోస్టన్‌కి మారిపోయాడు. 1992-93లో హల్ గోల్స్ 54. హల్ అప్పుడూ గొప్ప ఆటగాడే. ఆ తర్వాతి సీజన్లో బోస్టన్‌లో ఓట్స్ పక్కన ఆడిన క్యామ్ నీలీ 49 మ్యాచ్‌ల్లో 50 గోల్స్ కొట్టాడు.

పైగా హాకీలో గోల్ కొట్టేవాడు తనే పక్‌ని (ఆడే బిళ్లని) తోలుకుంటూ పోయి కొట్టుకోగలడు. వాలీబాల్లో ఒకే మనిషి వరసగా రెండుసార్లు తాకడానికి లేదు. ఎంతటి స్మాషరైనా తన లిఫ్ట్ తను ఇచ్చుకోలేడు. అందుకని బావ ఆటలో అందించేవాడి కంటే మన ఆటలో లిఫ్టర్ ఇంకా అవసరం. ఈ మాట ఆయనతో నెమ్మదిగా చెప్పు, డబ్బు పంపేవాడని తగ్గనక్కర్లేదు, మర్యాద తప్పనూ అక్కర్లేదు.

స్మాషర్ని మాత్రం ఇంటికి పంపకండి, సబ్‌స్టిట్యూట్‌గా ఉంచుకోండి. లిఫ్టర్‌నీ కెప్టెన్‌నీ ఎదురెదురు పొజిషన్లలో పెట్టండి, ఒకరు వన్‌లో (వెనక కుడి మూల, సర్వీస్ చోటు) ఉంటే ఇంకొకరు ఫోర్‌లో. లిఫ్టర్ తిరిగి ఫోర్‌కి వచ్చేసరికి కెప్టెన్ వన్‌కి పోతాడు. స్కోరు పద్దెనిమిది, ఇరవై దగ్గర ఈ రొటేషన్ వస్తే లిఫ్టర్ని తీసి స్మాషర్ని దింపండి, కెప్టెన్ వెనక నుంచి సర్వీస్ పడగానే నెట్ దగ్గరికి వచ్చి లిఫ్ట్ ఇస్తాడు. ముందు ముగ్గురూ కొట్టేవాళ్లే ఉంటారు, పొట్టి బ్లాకర్ బెడదా ఉండదు. స్మాషర్ తిరిగి సర్వీస్ చోటికి వెళ్లే టైముకి లిఫ్టర్ మళ్లీ లోపలికి రావాలి. సెట్‌కి ఆరు మార్పులే, బయటికి పోయినవాడు అదే సెట్లో ఒక్కసారే, అదీ తన స్థానంలోకి వచ్చినవాడి బదులుగానే తిరిగి రాగలడు. అందుకని మొదట్లోనే ఖర్చు పెట్టుకోకండి. అవతలి వాళ్లు సర్వీస్ కొట్టకముందే కెప్టెన్ తన ముందున్న టూ పొజిషన్ వాణ్ణి దాటి కదిలితే పొజిషన్ ఫాల్ట్, వెనక వరసలో ఉన్న కెప్టెన్ బ్లాక్ చేసినా, మూడు మీటర్ల గీత లోపల నెట్ కంటే ఎత్తున్న బాల్‌ని అవతలికి కొట్టినా ఫాల్టే. ఈ రెండూ ప్రాక్టీసులోనే అలవాటు చేయించు.