రెండొందలు తగ్గితే షాపు మునిగినట్టు కాదు

ప్రశ్న: మేడమ్, నాకు 41 ఏళ్లు. తాగుడు మానేసి ఎనిమిది నెలలైంది, తాగుడు మానాలనుకునేవాళ్లు కలుసుకునే ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగులకి వెళ్తున్నాను. మొన్న రాత్రి షాపు కట్టేసి ఇంటికొచ్చేసరికి మా ఏడేళ్ల బాబు నా ఫోన్‌తో ఆడుతూ కింద పడేశాడు. గట్టిగా అరిచాను, చెయ్యి కూడా ఎత్తాను గానీ కొట్టలేదు. నేను తాగొచ్చిన రోజుల్లోలాగే వాడు గోడకి అతుక్కుపోయాడు. మా ఆవిడ "తాగినా ఇంతే, మానినా ఇంతే" అంది. ఇంకోటి, చీటీ డబ్బులో మూడు వేలు ఫ్రెండుకి చేబదులిచ్చి, కట్టేశానని ఆవిడకి అబద్ధం చెప్పాను. నిద్ర పట్టడం లేదు. బుద్ధి మారనప్పుడు మానేసి ఏం లాభం అనిపిస్తోంది. ప్రతి చిన్నదీ ఒప్పుకుంటూ కూర్చుంటే ఇంట్లో నాకు విలువుంటుందా?
– పేరు వద్దు, తెనాలి

జవాబు: మీ ఉత్తరంలో ఒక ముక్క మీరే పట్టించుకోకుండా దాటేశారు. ఎత్తిన చెయ్యి దించారు. మీరు అరిచింది తప్పు కాదని నేను అనడం లేదు, ఆ పిల్లాడు భయపడ్డాడు, అది నిజం. కానీ చెయ్యి దించడం కూడా అంతే నిజం కదా, దాన్ని లెక్కలోంచి ఎందుకు తీసేశారు?

షాపు కట్టేసే ముందు గల్లాపెట్టె లెక్క చూసుకుంటారు కదా. రెండొందలు తగ్గితే రెండొందలు తగ్గిందని రాస్తారు గానీ షాపే మునిగిపోయిందని రాయరు. మీటింగుల్లో మీరు వినే 12 మెట్లలో పదోది చెప్పేది ఇదే, రోజూ మన లెక్క మనం చూసుకోవడం, తప్పు మనదైతే వెంటనే ఒప్పుకోవడం. 1930ల్లో అమెరికాలో ఆ మెట్లు రాసుకున్నవాళ్లు తాగుడుతో పడరాని పాట్లు పడి బయటికొచ్చినవాళ్లే. మానేశాక కూడా నోరు జారుతుందని, కోపం వస్తుందని వాళ్లకి తెలుసు, అసలు తప్పులే జరగవనుకుంటే ఆ మెట్టు పెట్టేవాళ్లే కాదు.

"నా బుద్ధి మారదు" అనుకోవడం తప్పు ఒప్పుకున్నట్టే అనిపిస్తుంది, కానీ అందులో మీరు ఒప్పుకున్నది ఏదీ లేదు. బాబు మీద అరిచిన సంగతి లేదు, మూడు వేల సంగతి లేదు. పైగా ఆ మాట ఇంట్లో పైకి అంటే మీ ఆవిడే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది, పిల్లాడి భయం పక్కకి పోతుంది. అలన్ మార్లట్ అనే అమెరికన్ సైకాలజిస్టు, మానినవాళ్లు మళ్లీ తాగుడులోకి ఎలా జారతారో పరిశోధించాడు. ఒకసారి కాలు జారినప్పుడు "నేనింతే, నా వల్ల కాదు" అనుకుంటే అక్కడితో ఆగడం కష్టమవుతుందని ఆయన చెప్పాడు. మీరు తాగలేదు, కానీ రాత్రిళ్లు మీరు అనుకుంటున్నది అచ్చం ఆ మాటే, నాకు భయం అక్కడే.

బాబు దగ్గర కింద కూర్చుని, వాడి ఎత్తుకి వచ్చి చెప్పండి: "మొన్న నీ మీద అరిచాను, చెయ్యెత్తాను. అది నా తప్పు. ఫోన్ పడిపోతే నిన్ను అలా భయపెట్టకూడదు." అంతే. "కానీ నువ్వు కూడా..." అని మొదలుపెట్టారా, చెప్పినదంతా పోయినట్టే. నాన్న మీద కోపం పోయిందా అని అడక్కండి, వాడికి టైమ్ పడుతుంది.

మూడు వేల విషయం మాత్రం ఈ రోజే చెప్పండి. అరవడం కంటే ఇదే నాకు పెద్దగా కనిపిస్తోంది, ఎందుకంటే దాచడం సీసా దాచిన రోజుల అలవాటు, చిన్న అబద్ధంతోనే అది మళ్లీ వేళ్లూనుకుంటుంది. ఎంత ఇచ్చారు, ఎవరికి, ఎప్పుడు వస్తుంది, చీటీ ఎలా కడతారు, అన్నీ చెప్పండి. ఆవిడ కోప్పడతారు, పడనివ్వండి. ఇన్నేళ్లు పడ్డ మనిషికి ఎనిమిది నెలల్లో నమ్మకం రాదు, ఆవిడ అన్న మాటకి ఎదురు వాదించకండి. తాగేవాళ్ల కుటుంబాల కోసం అలనాన్ అని వేరే మీటింగులున్నాయి, ఆవిడకి ఇష్టమైతేనే.

విలువ గురించి అడిగారు. మనసులో వచ్చిన ప్రతి ఆలోచనా ఇంట్లో చెప్పక్కర్లేదండీ, అవతలి మనిషికి దెబ్బ తగిలినదీ, మీరు దాచినదీ చెప్పాలి. మిగతావి మీ స్పాన్సర్‌తో, అంటే ఏఏలో మీకు తోడుగా ఉండి దారి చూపించే పాత సభ్యుడితో, మాట్లాడుకోండి.

ఇంకొకటి, ఆ రాత్రి ఎన్నింటికి తిన్నారు? ఏఏలో ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట ఈ నాలుగింటినీ కనిపెట్టుకుని ఉండమంటారు. షాపు దగ్గరే రెండు అరటిపళ్లు తిని బయల్దేరండి, చిన్న సంగతే గానీ పనిచేస్తుంది. మానేశాక నిద్ర సరిగా పట్టకపోవడం, చిరాకు కొందరికి నెలల తరబడి ఉంటాయి, డాక్టర్‌కి చెప్పండి, సొంతంగా నిద్రమాత్రలు కొనుక్కోకండి. "ఏం లాభం" అన్న ఆలోచన రాత్రి బరువెక్కితే తెల్లారేదాకా ఆగకుండా స్పాన్సర్‌కి ఫోన్ చెయ్యండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి. అది ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఈ రాత్రి షాపు లెక్క అయ్యాక చిన్న నోట్‌బుక్‌లో ఈ లెక్క కూడా రాయండి. అరిచానని రాయండి, అబద్ధం చెప్పానని రాయండి, చెయ్యి దించిన సంగతీ ఆ పేజీలోనే రాయండి.