టీవీలో రికార్డ్ చేసిన టీఎస్ ఫైల్స్ కట్ చేయడానికి ఏ సాఫ్ట్‌వేర్ వాడాలె?

మీరు అడిగింది ఏందంటే, ఫ్రీ డిష్ బాక్స్‌కి పెన్‌డ్రైవ్ పెట్టి రికార్డ్ చేసిన ప్రోగ్రాముల్లో (బాక్స్ సేవ్ చేసే ఆ ఫైళ్ళే టీఎస్) యాడ్స్ తీసెయ్యాలె, క్వాలిటీ పోవద్దు, దానికి ప్రీమియర్ లాంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కొనాల్నా అని. వద్దు, ఒక్క రూపాయి కూడా పెట్టకండి. నేను ఇదే పనిలో చెయ్యి కాల్చుకున్నోణ్ణి కాబట్టి కొంచెం లెంత్‌గా రాస్తున్న, ఓపిక పట్టండి.

మా బాపు పసుపు పంట గురించి డీడీ యాదగిరిలో ఒకసారి మాట్లాడిండు, మొత్తం కలిపితే 9 నిమిషాలు. ఇంట్లో ఫ్రీ డిష్ బాక్స్ ఉండె, దానికే పెన్‌డ్రైవ్ పెట్టి రికార్డ్ కొట్టిన. ఊర్లో అందరికీ వాట్సాప్‌లో పంపాలని ఆత్రం, నెట్‌లో దొరికిన ఏదో ఫ్రీ కన్వర్టర్‌లో వేసి "హెచ్‌డీ 720" అని ఉంటే అదే కొట్టిన, ఫైల్ వచ్చింది, చిన్నగా ఉన్నది, సంబరంగా పెన్‌డ్రైవ్ ఖాళీ చేసేసిన. తర్వాత టీవీలో పెట్టి చూస్తే బాపు చెయ్యి ఊపినప్పుడల్లా చేతి చుట్టూ దువ్వెన పండ్ల లెక్క గీతలు. ఒరిజినల్ లేదు. ఏం చేస్తం ఇగ.

అట్లెందుకయిందో తర్వాత తెలిసింది. మామూలు ఎస్‌డీ ఛానెల్ వీడియో 720×576 ఉంటది, సెకనుకి 25 ఫ్రేములు, కానీ ఒక్కో ఫ్రేములో రెండు సగాలుంటయ్, సరి గీతలు ఒక సగం బేసి గీతలు ఒక సగం, రెండూ వేరే వేరే క్షణాల్లో తీసినవి. దీన్నే ఇంటర్‌లేస్ అంటరు. ముందు డీఇంటర్‌లేస్ చెయ్యకుండా, అంటే ఆ సగాలను పూర్తి ఫ్రేములుగా మార్చకుండా, సైజు మార్చినమంటే ఆ రెండు సగాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతయ్, మళ్ళ ఎవ్వరూ విడదీయలేరు. కాబట్టి కట్ చేసేటప్పుడు సైజు ముట్టుకోవద్దు, ఫార్మాట్ ముట్టుకోవద్దు. కంప్యూటర్‌లో చూసేటప్పుడు గీతలు కనిపిస్తే వీఎల్‌సీలో కీబోర్డు మీద డి కొట్టండి, పోతయ్, ఫైల్‌కి ఏం కాదు.

నా అదృష్టం, కొన్ని వారాలకు అదే ప్రోగ్రాం మళ్ళ వేసిండ్రు. ఈసారి పద్ధతిగా చేసిన.

ఫస్ట్ మీడియాఇన్ఫో అని చిన్న ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంటది, అండ్ల మీ ఫైల్ వేసి లోపల ఎంపెగ్-2 ఉన్నదా హెచ్.264 ఉన్నదా (వీడియోని కుదించే రెండు పద్ధతులు) చూడండి. ఫ్రీ డిష్‌లో రెండు రకాల ఛానెళ్ళు ఉన్నయ్ కాబట్టి ఊహించుకోవద్దు. ఏ సాఫ్ట్‌వేర్ అనేది దీన్ని బట్టే తేలుతది, చాలామంది ఇది చూడకుండనే "అది వాడు ఇది వాడు" అంటరు.

ఎంపెగ్-2 అయితే నా ఓటు ఎవిడెమక్స్‌కే. ఫ్రీ, విండోస్ లినక్స్ మ్యాక్ మూడిట్లో పనిచేస్తది. ఫైల్ తెరవంగనే ఇండెక్స్ చేసుకుంటది, కొంచెం ఆగాలె. ఎడమ పక్క వీడియో కాపీ, ఆడియో కాపీ అనే ఉంచండి, అంటే వీడియోని మళ్ళ కుదించదు (ఎన్‌కోడ్ చెయ్యదు), ఉన్నది ఉన్నట్టు కోసి ఇస్తది. పైకి కిందికి బాణాలు కొడితే ఐ-ఫ్రేముల మీద (పక్క ఫ్రేముల అవసరం లేకుండా పూర్తి బొమ్మ ఉండేవి) దుంకుతది. యాడ్ మొదలైన కాడ ఏ, ప్రోగ్రాం మళ్ళ మొదలైన కాడ బి పెట్టి డిలీట్ కొట్టుడే. ఆ బి మాత్రం కచ్చితంగా ఐ-ఫ్రేమ్ మీద ఉండాలె, ఎందుకంటే మిగతా ఫ్రేములన్నీ పక్క ఫ్రేముల మీద ఆధారపడి ఉంటయ్, నడిమిట్ల కోస్తే బొమ్మ కాసేపు ముక్కలు ముక్కలు అయితది. ఎంపెగ్-2లో మామూలుగా అర సెకనుకొక ఐ-ఫ్రేమ్ వస్తది కాబట్టి యాడ్స్ తీసుడు వరకు ఏం ఇబ్బంది లేదు.

హెచ్.264 అయితే లాస్‌లెస్‌కట్ చూడండి. ఇది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో టూల్ మీద నడుస్తది, ఇదీ ఫ్రీనే, కానీ మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో పైసలు అడుగుతది, గిట్‌హబ్‌లో ఊకెనే దొరుకుతది, స్టోర్‌లో చూసి కొనాలేమో అనుకోకండి (ఇష్టముంటే ఇవ్వండి, చేసినాయనకు న్యాయమే). ఐ కొడితే మొదలు, ఓ కొడితే చివర, ఇట్ల కావలసిన ముక్కలు గుర్తు పెట్టి ఎక్స్‌పోర్ట్‌లో కలపమనుడే. ఇంటర్‌లేస్ హెచ్.264 తోటి ఎవిడెమక్స్‌కి అంత పడదు, అందుకే అక్కడ దీనికి ఓటు. ఎంపెగ్-2 ఫైల్‌ని కూడా లాస్‌లెస్‌కట్ కోస్తది గానీ ప్రివ్యూ నత్తలెక్క నడుస్తది, బొమ్మ కూడా మసక మసకగా కనిపిస్తది, అది చూసి ఫైలే పాడైందని భయపడొద్దు.

ఇగ అసలు తలనొప్పి వాన. డిష్ సిగ్నల్ కేయూ బ్యాండ్ (వానకు తట్టుకోని ఎక్కువ ఫ్రీక్వెన్సీ) కాబట్టి గట్టి వాన పడితే బలహీనమైతది. టీఎస్ ఫైల్ అంటే 188 బైట్ల చిన్న చిన్న ప్యాకెట్ల వరుస, వానకు కొన్ని ప్యాకెట్లు పోతయ్. టీవీలో ఒక క్షణం గీరుకున్నట్టు కనిపించి ఊకుంటది గానీ మీరు కోసి కన్వర్ట్ చేసినంక అక్కడి నుంచి మాట ఒక దిక్కు మూతి ఒక దిక్కు పోవచ్చు. నా రెండో రికార్డింగ్‌లో అచ్చం ఇట్లనే అయింది. ఎంపెగ్-2 ఫైల్‌కి అయితే ప్రాజెక్ట్‌ఎక్స్ అని పాత జావా టూల్ ఉన్నది, చూడనీకి 2000 ల నాటి మొహమే గానీ దెబ్బతిన్న ఫైల్‌ని సాఫ్ చేసి, పోయిన ఆడియో కాడ ఖాళీ నింపి, వీడియో ఆడియో విడివిడిగా ఇస్తది. ఆ రెండింటిని ఎంకేవీటూల్‌నిక్స్ అనే ఫ్రీ టూల్‌లో ఎంకేవీ ఫైల్‌గా కలిపి అప్పుడు కోసిన, సెట్ అయింది. హెచ్.264కి ప్రాజెక్ట్‌ఎక్స్ పనికిరాదు, దానికి టీఎస్ డాక్టర్ అని జర్మనీది ఉన్నది, అది మాత్రం పైసలది. ఏది వాడినా, కోసినంక ఫైల్ మొదలు కాదు చివరి రెండు నిమిషాలు చూడండి, మాటకు మూతికి సింక్ పోతే అక్కడ్నే దొరుకుతది.

పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటంగనే బాక్స్ ఇంకో ఫైల్ మొదలుపెడ్తది. వరుస నంబర్లతో ఉంటే మొదటిది తెరవంగనే మిగతావి కలపాల్నా అని ఎవిడెమక్సే అడుగుతది, ఎస్ అనండి.

మీరు ఫ్రీ డిష్ అన్నరు గానీ, ఒకవేళ మీ కాడ పైసలు కట్టే డీటీహెచ్ బాక్స్ రికార్డింగ్ కూడా ఉంటే దాని మీద టైమ్ వేస్ట్ చేసుకోకండి, అది ఎన్‌క్రిప్ట్ అయి ఉంటది, ఆ బాక్స్‌లో తప్ప ఎక్కడా తెరుచుకోదు. షాట్‌కట్, కెడెన్‌లైవ్, మీరన్న ప్రీమియర్, ఇవన్నీ టైటిల్స్ మ్యూజిక్ పెట్టుకునేటోళ్ళకు, మొత్తం మళ్ళ ఎన్‌కోడ్ చేస్తయ్. వీడియోరీడూ అని ఒకటి ఈ పని కోసమే ఉండె, ఇప్పుడు అమ్ముతలేరు, క్రాక్‌ల వెంట పడకండి.

కోసినంక మళ్ళ అదే బాక్స్‌లో చూడాలంటే టీఎస్‌గానే సేవ్ చేయండి, ఎంకేవీ అన్ని బాక్సులు తీసుకోవు.

బాపుకి ఫైనల్ ఫైల్ టీవీలో పెట్టి చూపిస్తే, మొత్తం చూసి "నడిమిట్ల దగ్గు వచ్చింది, అది తీసెయ్ రాదా" అన్నడు. ఆ దగ్గు సరిగ్గా రెండు ఐ-ఫ్రేముల నడుమ ఉన్నది, కోస్తే ముందు మాట సగం పోతది. లాస్‌లెస్‌కట్‌లో స్మార్ట్ కట్ అని ఉన్నది, ఇంకా ప్రయోగ దశలో ఉందని వాళ్ళే రాసుకున్నరు, కోత కాడ ఉన్న కొంచెం మాత్రమే మళ్ళ ఎన్‌కోడ్ చేస్తది. ట్రై చేసిన, అతుకు కాడ బొమ్మ ఎగిరింది. దగ్గు అట్లనే ఉంచేసిన.