ఆప్రికాట్ గోడ సాయంత్రానికి నారింజలా కొడుతుంటే

అన్నా, కావలిలో మీ పడమటి గోడకు షేడ్ కార్డు (పెయింటు రంగుల నమూనా కార్డు) చూసి వేయించిన ఆప్రికాట్, అంటే లేత నారింజ రంగు, సాయంత్రానికి నారింజలా కొడుతోందనీ, ఆ గోడ ముందు ఏ గులాబీ పెట్టాలనీ అడిగారు. రంగు తప్పు కాదు. కార్డు ముక్కకన్నా గోడంతా పరుచుకుంటే ఏ రంగైనా చిక్కబడుతుంది. పైగా వాలుపొద్దు ఎండ, వాకిట్లో ఎర్ర గ్రావెల్ రెండూ ఎరుపు కలుపుతాయి. అదే కార్డులో రెండు మెట్లు లేతది, కాస్త మట్టిచాయ ఉన్నది తీసుకోండి. తెల్ల ప్రైమర్ మీద మూడడుగుల చదరం, రెండు కోట్లు వేసి పొద్దున, మధ్యాహ్నం, ఐదింటికి చూడండి. టింటింగ్‌కి, అంటే పెయింటులో రంగు కలపడానికి, పసుపు, ఎరుపు ఐరన్ ఆక్సైడ్ రంగుపొడులే వాడమనండి, ఎండకు వెలిసిపోవు. కొత్త ప్లాస్టరింగ్ అయితే 28 రోజులు ఆగాల్సిందే, లేకుంటే సిమెంటు క్షారానికి రంగు మచ్చలుగా పోతుంది.

గోడ రంగే పువ్వుకూ వద్దు, కలిసిపోతుంది. ముదురు పసుపు గులాబీ రకం గోల్డ్ మెడల్ నయం. జస్ట్ జోయీ అనే రకం అచ్చం ఆప్రికాటే, కానీ మన మే ఎండకు ఇట్టే పాలిపోతుంది. ఆ గోడ సెగ కొడుతుంది కాబట్టి మొక్క రెండడుగులు ఎడంగా ఉండాలి. పసుపు గులాబీలకు నల్లమచ్చ తెగులు జాస్తి. అక్టోబరు వానలు పట్టగానే మచ్చాకులు ఏరేసి, తెరిపిచ్చినప్పుడు మాంకోజెబ్ అనే తెగులు మందు లీటరు నీటికి 2 గ్రాములు కలిపి ఆకు అడుగు కూడా తడిసేలా కొట్టండి.